హోట్ రూట్ తరవాత చూద్దాం, ముందు దిగే దారి ఉన్న రూటు పట్టుకోండి

తమ్ముడూ, మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ముగ్గురు స్నేహితులు, రాయగడ వాళ్ళు. గుల్మార్గ్‌లో రెండు చలికాలాలు స్కీ కోర్సులు చేశారు. గొండోలా (రోప్‌వే) ఎక్కి అఫర్వత్ కొండ మీంచి దిగడం అలవాటైంది. వచ్చే ఏప్రిల్‌లో ఆల్ప్స్‌లో హోట్ రూట్, అంటే ఫ్రాన్స్‌లోని షామోనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దాకా కొండల మీదుగా రోజుల తరబడి స్కీ మీద పోయే దారి, చేయాలని ఉంది, అదీ గైడు లేకుండా, ఫోన్లో ట్రాక్ పెట్టుకుని. అది కుదురుతుందా, కాకపోతే ఇంకేది మంచిది, మంచన్నదే లేని రాయగడలో ఉండి ఎలా తయారవ్వాలి అని అడిగారు.

నేను పర్లాకిమిడి వాణ్ణి. సైన్యంలో ఉండగా గుల్మార్గ్‌లోనే స్కీ నేర్చుకున్నాను. రిటైరయ్యాక ఏటా వసంతంలో ఆల్ప్స్‌కి పోతుంటాను, ఎక్కువగా గైడు వెనకే. కాబట్టి నా మాట గైడు మాట అనుకోకండి. చాలా దారులు కాళ్ళతో చూసినవాడి మాట అనుకోండి.

కుదరదు. వచ్చే ఏప్రిల్‌కి కుదరదు, గైడు లేకుండా అసలే కుదరదు. మీ కాళ్ళలో సత్తువ లేదని కాదు, అది ఏడాదిలో తెచ్చుకోవచ్చు. ఆ రూటు పోకడే అలాంటిది. చాలామంది రూటుని ఎంత ఎత్తు, ఎన్ని రోజులు, ఫొటోలు ఎలా వస్తాయి అని చూసి ఎంచుకుంటారు. నేను ముందు చూసేది ఒక్కటే: మూడో రోజు మధ్యాహ్నం వాతావరణం తిరగబడితే అక్కణ్ణించి ఎటు దిగాలి? ఆ ప్రశ్నకి మ్యాపు మీద వేలు పెట్టి జవాబు చెప్పగలిగితేనే ఆ రూటు మీది.

హోట్ రూట్‌ని ఆ కంటితో చూడండి. మామూలుగా ఆరేడు రోజులు. అర్జాంతియేర్ గ్లేసియర్ (హిమానీనదం) మీద మొదలవుతుంది. 2,771 మీటర్ల దగ్గర ఉన్న అర్జాంతియేర్ హట్‌లో (కొండ మీది బసలో) పడుకుని, మర్నాడు 3,323 మీటర్ల షార్దొనే కనుమ ఎక్కి, అవతల వైపు నిటారుగా ఉన్నచోట తాడు మీద దిగి, త్రియాన్ మైదానం దాటి షాంపే ఊళ్ళోకి దిగుతారు. అక్కణ్ణించి బండెక్కి వెర్బియే. మళ్ళీ పైకి, మోంఫోర్ హట్, రోజాబ్లాంష్ శిఖరం, ప్రాఫ్లూరి హట్. తరవాత 285 మీటర్ల ఎత్తున్న గ్రాండ్ డిక్సెన్స్ డ్యామ్ వెనక జలాశయం ఒడ్డునే అడ్డంగా ఓ పొడుగు నడక. చూడ్డానికి చదునుగా హాయిగా ఉంటుంది గానీ, ఎండెక్కాక పై వాలునుంచి మంచు జారేది ఆ దారి మీదకే. ఆ పైన డీస్ హట్, పీన్ దరోలా శిఖరం, వీన్యెట్ హట్. చివరి రోజు మూడు కనుమలు దాటి, మాటర్‌హార్న్ ఉత్తర ముఖం కింద నుంచి జెర్మాట్‌కి.

మొదటి సగంలో షాంపే, వెర్బియే ఉన్నాయి కాబట్టి బయటపడొచ్చు. ఇబ్బందంతా పీన్ దరోలా రోజున, చివరి రోజున. శిఖరం 3,800 మీటర్లకి కాస్త తక్కువ. పైన విశాలంగా, గుర్తు పట్టడానికి రాయన్నది లేకుండా ఉంటుంది. వీన్యెట్ హట్టేమో 3,160 మీటర్ల దగ్గర ఒక బండ అంచున కూర్చుని ఉంటుంది. మబ్బు కమ్మేస్తే ఆ అంచుని కొద్ది దూరంలోంచి కూడా పోల్చుకోలేరు. 2018 ఏప్రిల్ 29న సరిగ్గా ఇదే జరిగింది. తుఫానులో దారి తప్పిన బృందాలు రాత్రంతా బయటే ఉండిపోయాయి. గైడుతో సహా ఏడుగురు చనిపోయారు, అదీ హట్‌కి కొద్ది వందల మీటర్ల దూరంలో. 2024 మార్చిలో జెర్మాట్ నుంచి అరోలాకి బయల్దేరిన ఆరుగురు తేత్ బ్లాంష్ శిఖరం దగ్గర మంచు తుఫానులో చిక్కుకున్నారు. ఐదుగురి శవాలు దొరికాయి, ఆరో మనిషి గల్లంతు. వాళ్ళు కొత్తవాళ్ళు కారు. స్విస్ సైన్యం నడిపే పత్రూయ్ దె గ్లాసియే పందెం కోసం సాధన చేస్తున్నవాళ్ళు. ఆ పందెమే 1949లో ముగ్గురు గ్లేసియర్ పగుల్లో పడి చనిపోతే 1984 దాకా ఆగిపోయింది.

మబ్బు కమ్మడమంటే గుల్మార్గ్‌లో చూసిన పొగమంచు లాంటిదే అనుకుంటున్నారేమో. చెట్లున్నచోట అది ఒకలా ఉంటుంది, గ్లేసియర్ మీద పూర్తిగా వేరు. నేలా ఆకాశం ఒకే తెలుపు, గీత ఉండదు. మీరు ఆగిపోయి ఉంటారు, కాళ్ళేమో ఇంకా జారుతున్నట్టే ఉంటుంది. కొందరికి కడుపులో తిప్పుతుంది. ముందున్నవాడు ఒక మంచు ముద్ద చేసి రెండు గజాల ముందుకి విసురుతాడు. అది ఎక్కడో ఆగితే అక్కడ నేల ఉన్నట్టు. కనబడకుండా పోతే అక్కడ అంచు ఉన్నట్టు. అలా గంటకి ఎంత దూరం పోతారో మీరే లెక్కేసుకోండి. ఫోన్లో ట్రాక్ చూపిస్తూనే ఉంటుంది, ఆ చలికి బ్యాటరీ ఉన్నంతసేపు. కానీ ఆ గీత పోయినేడాది ఎవరో నడిచింది. ఈ ఏడాది ఆ గీత కింద పగులు తెరుచుకుందో లేదో దానికి తెలీదు. ఫోను వద్దనను, నేనూ వాడతాను. స్విస్ ప్రభుత్వ సర్వే వాళ్ళ యాప్‌లో 30 డిగ్రీలు దాటిన వాలులకి రంగు వేసి చూపించే పొర ఉంది, చాలా పనికొస్తుంది. దాంతోపాటు కాయితం మ్యాపు, దిక్సూచి జేబులో ఉండాలి, వాటితో నడవడం చేతనై ఉండాలి.

ఇప్పుడు మీకు నేను చెప్పే రూటు: ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ సరిహద్దులోని సిల్‌వ్రెట్టా. పేరుకి హోట్ రూట్ అంత మోత లేదు, మీ వాట్సాప్ స్టేటస్‌కి అంత ఊపు రాకపోవచ్చు. కానీ గ్లేసియర్ మీద స్కీ నేర్చుకునేవాడికి ఇంత అనువైన చోటు నాకు ఇంకోటి తెలీదు. వీస్‌బాడెనర్ హట్ 2,443 మీటర్ల దగ్గర ఉంది. దాన్ని మకాం చేసుకుని మూడు నాలుగు రోజులు అక్కడే ఉండొచ్చు. రోజూ తేలిక సంచితో పైకి పోయి సాయంత్రానికి అదే హట్‌కి రావచ్చు. ఓ రోజు ఓక్సెన్‌టాలర్ గ్లేసియర్ మీదుగా 3,312 మీటర్ల పిజ్ బుయిన్. చివర్లో స్కీలు వదిలేసి రాతి మీద చేతులేసి ఎక్కాలి. మీకు వెరపనిపిస్తే స్కీలు వదిలే చోటినుంచే వెనక్కి రండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో రోజు 3,197 మీటర్ల డ్రైలెండర్‌ష్పిట్జె. కాళ్ళు కుదురుకున్నాక కనుమ దాటి యామ్‌టాల్ హట్‌కి మారొచ్చు.

వాతావరణం చెడితే? వీస్‌బాడెనర్ నుంచి లోయ మెల్లగా జలాశయం దాకా వాలి ఉంటుంది. ఉన్న చోట రెండు రోజులు కార్డ్స్ ఆడుకుంటూ కూర్చోవడానికీ అభ్యంతరం లేదు, తరవాతి హట్‌లో పడక పోతుందన్న కంగారు ఉండదు. చాలామంది చెడ్డ రోజున బయల్దేరేది ధైర్యం ఎక్కువై కాదు, ముందు హట్‌కి డబ్బు కట్టేశామనే. అయితే లోయ దారి ఎప్పుడూ భద్రమని కూడా అనుకోవద్దు. ఇదే ప్రాంతంలోని గాల్ట్యూర్ ఊరి మీద 1999 ఫిబ్రవరి 23న మంచు చరియ పడి 31 మంది పోయారు, ఊళ్ళో ఉన్నవాళ్ళు. భారీగా కొత్త మంచు పడ్డ రోజుల్లో దిగే దారి కూడా మూసుకుపోయినట్టే లెక్క. హట్ నడిపేవాళ్ళని అడగండి, వాళ్ళు ఆగమంటే ఆగండి.

తరవాతి ఏడాది ఆస్ట్రియాలోని ఏట్జ్‌టాల్ చూడండి. వెంట్ ఊరినుంచి మార్టిన్ బుష్ హట్, 3,600 మీటర్ల సిమిలౌన్, ఓపికుంటే 3,768 మీటర్ల వైల్డ్‌ష్పిట్జె. 1991లో అయిదు వేల ఏళ్ళనాటి మనిషి శరీరం మంచులోంచి బయటపడింది ఆ చుట్టుపక్కలే. స్విట్జర్లాండ్‌లోని బెర్నీజ్ ఓబర్‌లాండ్ ఆ పైది. అక్కడ యుంగ్‌ఫ్రౌయోహ్ కనుమ దాకా 1912 నుంచీ రైలు ఉంది కాబట్టి సులువనుకుంటారు. రైలు దిగ్గానే దాదాపు 3,450 మీటర్లు, కిందంతా ఆల్ప్స్‌లోకెల్లా పెద్దదైన అలెచ్ గ్లేసియర్. అక్కడి కొంకోర్డియా హట్‌ని 1877లో మంచు మట్టానికి 50 మీటర్ల పైన కట్టారట. మంచు కుంగిపోతూ పోతూ ఇప్పుడు గ్లేసియర్ మీంచి హట్‌కి చేరాలంటే నాలుగొందలకి పైగా ఇనప మెట్లు ఎక్కాలి. మన బరంపురం వైపు తారాతరిణి గుడి మెట్లలో సగం అనుకోండి, కానీ రోజంతా నడిచాక, స్కీ బూట్లతో. అక్కణ్ణించి ల్యోచెన్‌టాల్ వైపు దిగడం పాత సంప్రదాయం. 2025 మే 28న గ్లేసియర్ కూలి ఆ లోయలోని బ్లాటెన్ ఊరు దాదాపు మొత్తం పూడిపోయింది. పాత గైడు పుస్తకం పట్టుకుని ఆ వైపు దిగకండి, దారి పరిస్థితి కనుక్కుని పొండి. షామోనీలో కూడా అంతే. గ్రాండ్ మోంతె రోప్‌వే మధ్య స్టేషను 2018లో కాలిపోయింది, పుస్తకాల్లోని మొదటి రోజు లెక్కలు అప్పుడే తారుమారయ్యాయి. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ గ్లేసియర్లు పదో వంతు మంచు పోగొట్టుకున్నాయి. అందువల్ల కనుమల దగ్గర వాలు ఏటా నిటారవుతోంది, ఒకప్పుడు స్కీతో దిగినచోట తాడు కావాల్సొస్తోంది.

ఇక పూట లెక్క. అన్నిటికన్నా మీరు నేర్చుకోవాల్సింది ఇదే. ఏప్రిల్‌లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి మంచు గడ్డకట్టి గట్టిపడుతుంది. పొద్దుటి ఎండకి ముందు తూర్పు వాలు మెత్తబడుతుంది, తరవాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. పైన వేలెడు మందం మెత్తబడ్డప్పుడు దిగితే స్వర్గం. గంట ఆలస్యమైతే మోకాలిదాకా దిగబడుతుంది, ఆ తడి మంచే జారిపడుతుంది. రాత్రంతా మబ్బుగా ఉంటే మంచు అసలు గట్టిపడదు, ఆ రోజు తెల్లారే ముందు లేచినా లాభం తక్కువ. కాబట్టి ముందు దిగే గంట నిర్ణయించుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కేయాలి. దానికో సుళువైన లెక్క ఉంది: ఎక్కే ప్రతి 100 మీటర్లకి ఒకటి, నడిచే ప్రతి కిలోమీటరుకి ఒకటి వేసుకుని, కూడి, నాలుగుతో భాగించండి. 900 మీటర్ల ఎక్కుడు, 6 కిలోమీటర్ల దూరం అంటే 15, అంటే మూడు గంటల ముప్పావు. మీ ముగ్గురికి దాని మీద ఇంకో గంట కలపండి. పదింటికి దిగాలంటే అయిదుకే హట్ తలుపు దాటాలి. నాలుగింటికి లేవడం సరదాగా ఉంటుందనుకోకండి, పక్క పడక మీద జర్మన్ పెద్దాయన మూడున్నరకే కవర్లు గరగరలాడించి లేపేస్తాడు.

మంచు చరియల బులెటిన్ స్విట్జర్లాండ్‌లో సాయంత్రం అయిదుకి ఒకసారి, శీతాకాలంలో పొద్దున ఎనిమిదికి మళ్ళీ వస్తుంది. ప్రమాదాన్ని ఒకటినుంచి అయిదు దాకా చెబుతారు. మూడు అంటే మధ్యస్థం కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మూడున్న రోజున మీరు 30 డిగ్రీలు దాటిన వాలు మీదికీ, దాని కిందికీ పోకుండా తిరిగే చోటు చూసుకోండి. నాలుగైతే హట్‌లోనే ఉండండి.

గుల్మార్గ్ మీకు నేర్పనిది గ్లేసియర్. అక్కడ స్కీ చేసే వాలుల కింద పగుళ్ళు లేవు. ఆల్ప్స్‌లో ఏప్రిల్ నాటికి పగుళ్ళ మీద మంచు వంతెనలా కప్పుకుని ఉంటుంది, పైకి ఏమీ తెలీదు. కొంచెం కుంగిన చార, కాస్త మసకబారిన నీడ, అంతే గుర్తు. అనుమానం ఉన్నచోట ముందువాడు ప్రోబ్ (మంచులో గుచ్చే పొడుగాటి కడ్డీ) గుచ్చి చూస్తాడు. ఒకే రకం బిగువుతో లోపలికి పోతే సరే, ఉన్నట్టుండి చేతికి ఆనకుండా జారిపోతే కింద ఖాళీ ఉన్నట్టు. ఎక్కేటప్పుడు తాడు కట్టుకోండి, మధ్యలో తాడు నేలకి వేలాడకూడదు. దిగేటప్పుడు మామూలుగా తాడు లేకుండా ఎడమెడంగా ఒకరి జాడలో ఒకరు పోతారు, హార్నెస్ (తాడు తగిలించే నడుము పట్టీ) మాత్రం ఎప్పుడూ ఒంటి మీదే. అందుకే మీ ముగ్గురూ ముందు ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేయండి. ఆ నెల రోజులు సెలవు దొరకదంటే, ఆల్ప్స్‌కి పోగానే గైడుతో రెండు రోజులు గ్లేసియర్ పాఠమే పెట్టించుకోండి. గైడంటే ఐఎఫ్ఎమ్‌జీఏ (అంతర్జాతీయ పర్వత గైడ్ల సంఘాల సమాఖ్య) బ్యాడ్జి ఉన్నవాడు. ఖర్చు బాగానే అవుతుంది, ముగ్గురు పంచుకుంటే మోయగలరు.

రాయగడలో ఉండి ఏం చేయొచ్చంటే, మీరనుకున్నదానికన్నా చాలా. వేసవిలో నాగావళి ఇసక తేలుతుంది కదా. బీకన్ (మంచు కింద పడ్డవాణ్ణి వెతకడానికి సంకేతం పంపే పరికరం) ఆన్ చేసి పాత సంచిలో పెట్టి ఒకడు ఇసకలో పాతిపెట్టాలి, మిగతా ఇద్దరూ చూడకూడదు. అరవై గజాల అవతల్నించి మొదలెట్టి గడియారం పెట్టుకుని వెతకండి. నేలకి ఆనించి బీకన్ కదిపి చిన్న అంకె దొరికాక, అక్కణ్ణించి ప్రోబ్ చుట్టూ జానెడు జానెడు దూరంలో గుండ్రంగా గుచ్చుతూ పోండి. తగిలిన ప్రోబ్‌ని పీకొద్దు, అలాగే ఉంచి, అది ఎంత లోతు చూపిందో దానికి ఒకటిన్నర రెట్లు దిగువకి జరిగి అక్కణ్ణించి తవ్వుకుంటూ రండి. నెత్తి మీంచి గుంట తవ్వితే మీ బరువే కిందున్నవాడి మీద పడుతుంది. వెతకడం కన్నా తవ్వడానికే ఎక్కువసేపు పడుతుందని మొదటిరోజే తెలుస్తుంది. మంచు కింద ఉన్న మనిషిని పది, పదిహేను నిమిషాల్లోపు తీస్తేనే బాగా ఆశ ఉంటుంది. హెలికాప్టరు ఆ లోపు రాదు, మీరే తీయాలి. బీకన్, ప్రోబ్, పార, ఈ మూడు వస్తువుల్లో ఒక్కటి లేకున్నా మిగతా రెండూ దండగ.

తాడు పని చింతచెట్టు కింద. గట్టి కొమ్మకి తాడు కట్టి యాభై కిలోల బియ్యం బస్తా వేలాడదీయండి, పగుల్లో పడ్డ మనిషి స్థానంలో. ఇద్దరు కలిసి కప్పీలతో మూడింతల లాగుడు కట్టి పైకి తేవాలి. తరవాత అదే ఒక్కడే చేయాలి, ఎందుకంటే ముగ్గురిలో ఒకడు పడి ఇంకొకడికి దెబ్బ తగిలితే మిగిలేది ఒక్కడే. చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని చేయండి. ముడులన్నీ ఉత్త చేతులతో వచ్చేస్తాయి, తొడుగులతో సగం రావు.

కాళ్ళకి మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు, దేవమాలి 1,672. పది పన్నెండు కిలోల సంచితో, గంటకి 350 మీటర్ల చొప్పున, మూడు గంటలు ఆగకుండా ఎక్కగలగాలి. ఎక్కి ఆయాసంతో కూలబడితే లెక్కలోకి రాదు, ఎందుకంటే అసలు పని ఆ తరవాత దిగడమే. బరంపురం వైపు పోతే తారాతరిణి 999 మెట్లు రెండు మూడుసార్లు. ఎండ ముదరక ముందు తెల్లవారుజామున మొదలెడితే నాలుగింటికి లేచే అలవాటు కూడా అవుతుంది. రాయగడలో మీరు చేయలేనిది ఒక్కటే, కిక్ టర్న్. నిటారు వాలు మీద అడ్డంగా నిలబడి ఒక స్కీని వెనక్కి తిప్పి పెట్టడం. గుల్మార్గ్‌లో వచ్చే చలికాలం లిఫ్టు తక్కువ ఎక్కి, స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ కింద అంటించే పట్టీలు) వేసుకుని ఎక్కువ నడవండి. సంచి వీపున వేసుకుని, పైన పెళుసుగా గడ్డకట్టి కింద మెత్తగా ఉన్న చెడ్డ మంచులో దిగడం సాధన చేయండి. ఆ మంచులో పడకుండా దిగగలిగిన రోజున మీరు టూరింగ్‌కి సిద్ధం.

ఎత్తు అలవాటు సంగతి. మనది ఎత్తు తక్కువ ప్రాంతం. విమానం దిగిన రాత్రే మూడు వేల మీటర్ల దగ్గర పడుకుంటే తలపోటు ఖాయం. మొదటి రెండు రాత్రులు లోయలో ఉండండి.

ఇన్సూరెన్స్ విషయంలో జాగ్రత్త. షెంగెన్ వీసాకి అడిగే 30,000 యూరోల పాలసీలు చాలావాటిలో పిస్ట్ (చదును చేసిన స్కీ బాట) బయట స్కీకి, హెలికాప్టరు రెస్క్యూకి వర్తించవు. చిన్నక్షరాలు చదవండి. ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్బు సభ్యత్వం తీసుకుంటే హట్లలో పడకకి రాయితీ, రెస్క్యూ బీమా రెండూ వస్తాయి. హట్ బుక్ చేసేటప్పుడే శాకాహారులెవరో రాయండి, అక్కడికి పోయాక చెబితే రొట్టె, సూపే దిక్కు. లోపల కప్పుకోవడానికి సొంత పల్చటి నిద్రసంచి తప్పనిసరి, దుప్పట్లు వాళ్ళవే. బరంపురం ఆవకాయ చిన్న డబ్బా పట్టుకెళ్ళండి, మూత మాత్రం రెండు కవర్లలో చుట్టండి. సంచిలో నూనె కారితే ముందు పాడయ్యేవి స్కిన్ల జిగురే.

ముగ్గురూ ఓసారి సంచులతో మహేంద్రగిరి ఎక్కి, ఎంత బరువుతో ఎంతసేపు పట్టిందో ఇక్కడే రాయండి. సిల్‌వ్రెట్టాలో రోజువారీ ఎటు పోవాలో, ఏ నెల మొదటి వారమో దాన్నిబట్టి చెబుతాను.